మేత మారితే పొట్టలో ఏమవుతుంది?

పాఠకుల ప్రశ్నలు, పశువైద్యురాలి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ పొట్ట గురించే. హొసకోట ఆవు, యలహంక కుక్క, బాణసవాడి కుందేలు, దేవనహళ్లి కోడిపిల్లలు. పైకి ఒకదానికొకటి పొంతన లేని జబ్బులు. కె.ఆర్. పురంలో ఇన్నేళ్లుగా పశువుల్ని చూస్తున్న నాకు మాత్రం వీటన్నింటిలో ఒక్కటే కనిపిస్తుంది. పొట్టలో కాపురముండే సూక్ష్మజీవుల్ని మనం మేత పెట్టేటప్పుడూ తలచుకోం, మందు వేసేటప్పుడూ తలచుకోం. అందుకే ఈ ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చాను. కుక్కను పెంచేవాళ్లు ఆవు జవాబు కూడా చదవండి.

ప్రశ్న: డాక్టరమ్మా, నమస్కారం. మాది హొసకోట దగ్గర పల్లె. మూడు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడిజాతి) ఆవులున్నాయి. దగ్గర్లోని కల్యాణ మండపంలో రిసెప్షన్ అయ్యాక మిగిలిన అన్నం, పాయసం, బూందీ రెండు బకెట్లు తెచ్చిచ్చారు. అన్నం పారేయకూడదని పెద్దావుకు పెట్టాను. తెల్లారేసరికి లేవలేదు, నెమరు లేదు, పళ్లు కొరుకుతోంది. పేడ పుల్లటి వాసనతో జావలా పడింది. గ్యాస్ అనుకుని మావాళ్లు నూనె తాపారు. డాక్టరుగారు వచ్చి సెలైన్లు ఎక్కించి, పొట్టలోదంతా గొట్టంతో తీసేశారు. మర్నాడు ఇంకో ఆవు పొట్టలోని ఆకుపచ్చ నీళ్లు తెచ్చి తాపారు. ఆవు బతికింది. కానీ ఒక ఆవు ఎంగిలి ఇంకో ఆవుకు తాపడమేమిటని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. సెలైన్లు ఆవు ప్రాణం నిలిపాయి. ఆ ఆకుపచ్చ నీళ్లు దాన్ని మళ్లీ మేతకు తెచ్చాయి. రెండూ కావలసినవే.

ఆవు గడ్డి తిని బతుకుతుందంటాం గానీ, గడ్డిలోని పీచును విడగొట్టే ఎంజైములు ఆవు ఒంట్లో తయారు కావు. ఆ పని చేసేవి మొదటి పొట్టలో, అంటే రూమెన్‌లో ఉండే సూక్ష్మజీవులు. పెద్దావుకు రూమెన్ వంద లీటర్లు దాటుతుంది. ఆ రసం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్లకు పైగా బాక్టీరియా, లక్షల్లో ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు ఉంటాయి. శిలీంధ్రాలు వేరే. ఇవన్నీ కలిసి గడ్డిని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలు తయారుచేస్తాయి. ఆవుకు అందే శక్తిలో 70 శాతం దాకా ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. ఆ జీవులు కూడా రసంతో పాటు ముందుకు సాగి, నాలుగో పొట్టలోనూ పేగుల్లోనూ అరిగిపోయి ఆవుకు మాంసకృత్తులవుతాయి. మనం మేత వేసేది వాటికి. ఆవు బతికేది వాటి మీద.

మీ ఆవు రోజూ తినేది రాగిగడ్డి, నేపియర్, కాస్త బూసా అనుకుందాం. ఆ మేతకు తగిన జీవులే దాని పొట్టలో స్థిరపడి ఉంటాయి. కొత్త మేతకు అవి సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మీరు ఒక్క పూటలో పెట్టింది ఉడికిన పిండిపదార్థం, పంచదార. వీటిని తినే స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బాక్టీరియా మామూలు రోజుల్లో కొద్దిగానే ఉంటుంది. ఇంత తిండి దొరికిందంటే, రాత్రి కలిపిపెట్టిన దోసెపిండి పొద్దునకు గిన్నె దాటి పొంగినట్టు పెరిగిపోతుంది. అది వదిలే లాక్టిక్ ఆమ్లంతో రూమెన్ పీహెచ్ (పులుపును చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) పడిపోతుంది. 6కీ 7కీ మధ్య ఉండాల్సింది 5 కంటే కిందికి దిగుతుంది. అంత పులుపులో పీచును అరిగించే బాక్టీరియా, ప్రోటోజోవా చచ్చిపోతాయి. చివరికి ఆ స్ట్రెప్టోకాకస్ కూడా తగ్గి, పులుపుకు ఓర్చుకునే లాక్టోబాసిల్లస్ మిగిలి ఇంకా ఆమ్లం చేస్తూనే ఉంటుంది.

పొట్టలో చేరిన ఆ ఆమ్లం రక్తంలోని నీటిని లోపలికి లాగేస్తుంది. అందుకే ఆవు కళ్లు లోతుకు పోతాయి. ఎడమ డొక్క మీద పిడికిలి పెట్టి కుదిపితే లోపల నీళ్లు తొణికిన చప్పుడవుతుంది. ఆమ్లం రక్తంలోకీ చేరుతుంది, ఆవు తూలుతుంది, తర్వాత కూలబడుతుంది. రూమెన్ గోడ పుండుపడితే అక్కడి నుంచి ఫ్యూసోబాక్టీరియం అనే క్రిమి కాలేయానికి చేరి చీముగడ్డలు కట్టవచ్చు. మీ ఆవు గండం గడిచిందని ఊరుకోకండి. రాబోయే వారాల్లో అది కుంటుతోందా, గిట్టల పైఅంచు వేడిగా ఉందా, పాలలో వెన్న తగ్గిందా చూస్తూ ఉండండి. గిట్టల లోపలి వాపు ఈ జబ్బు వెనకాలే వస్తుంది.

నూనె సంగతి. పచ్చి లూసర్న్, అలసంద లాంటి కాయజాతి మేత ఎక్కువ తిని నురుగుతో పొట్ట ఉబ్బితే నూనె పనిచేస్తుంది, నురుగును విరుస్తుంది. అన్నం తిన్న ఆవుకు నూనెతో ఒరిగేదేమీ లేదు. పైగా కూలబడి తల వాల్చేసిన ఆవు నోట్లో సీసా పెడితే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్ట బాగుపడ్డాక న్యుమోనియాతో పోయిన ఆవుల్ని చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

ఇక ఎంగిలి మాట. ఆరోగ్యంగా ఉన్న ఆవు రూమెన్ రసం గాజుగ్లాసులో పోసి కదపకుండా పెడితే సన్నటి నలుసులు అడుక్కి దిగుతాయి. నాలుగు నుంచి ఎనిమిది నిమిషాల్లో గడ్డి తునకలు బుడగలతో పాటు పైకి తేలి పొరలా నిలుస్తాయి. లోపల జీవం ఉండబట్టే ఆ బుడగలు. రంగు ఆకుపచ్చ, కాస్త గోధుమ కలిసి ఉంటుంది. వాసన ఘాటుగా ఉంటుంది గానీ వెగటు పుట్టించదు. ఒక చుక్క వెచ్చటి గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఖాళీ చోటనేది కనబడదు. పెద్దవీ చిన్నవీ ప్రోటోజోవా ఒంటి చుట్టూ ఉన్న వెంట్రుకలాడిస్తూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఈదుతుంటాయి. కొన్నింటి కడుపులో మింగిన పిండిరేణువులు కూడా కనిపిస్తాయి. అన్నం తిన్న ఆవు రసం పాలు కలిపినట్టు బూడిదరంగులో, ముక్కు పగిలే పులుపుతో ఉంటుంది. పలక మీద ఒక్కటీ కదలదు. మీ డాక్టరుగారు ఆ ఖాళీని మళ్లీ నింపారు. పోయిన జీవులు సెలైనుతో రావు, టానిక్కుతో రావు. ఇంకో ఆవు ఇవ్వాల్సిందే.

ఈ పద్ధతి కొత్తదీ కాదు. నెమరువేసే ఆవు నోట్లోంచి నెమరు ముద్ద తీసి, నెమరు ఆగిన ఆవుకు పెట్టడం గురించి 18వ శతాబ్దంలోనే స్వీడన్‌లో రాసిపెట్టారు. ఇప్పుడు చేసేది అదే, ఇంకాస్త శుభ్రంగా. ఇచ్చే ఆవుకు బ్రూసెల్లోసిస్, క్షయ, జోన్స్ వ్యాధి లాంటి అంటురోగాలు ఉండకూడదు. ఈమధ్య యాంటీబయాటిక్ వాడి ఉండకూడదు. రసం గుడ్డలో వడకట్టి, చల్లారకముందే గొట్టంతో పొట్టలోకి పోయాలి. కనీసం మూడు లీటర్లు, దొరికితే ఎనిమిది నుంచి పదహారు లీటర్లు. చల్లారిపోయిన రసం, రోజంతా క్యానులో నిలవున్న రసం పోస్తే ఫలం తక్కువ.

అన్నం పారేయకూడదన్న మీ మనసు నాకు అర్థమవుతుంది. గుప్పెడు అన్నం ఎండుగడ్డితో పాటు పెడితే ఏ ఆవుకూ ఏమీ కాదు. బకెట్ పెట్టకండి. పాయసం, బూందీ అసలొద్దు. పొరపాటున ఆవు కట్టు తెంపుకుని దాణా మూట మీద పడిందని తెలిస్తే, పొట్ట ఉబ్బేదాకా ఎదురుచూడకుండా ఆ గంటలోనే డాక్టరుకు ఫోను చేయండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. పులుపు విరవడానికి వంటసోడా ఎంత, ఎలా ఇవ్వాలన్నది వచ్చినవాళ్లు తేలుస్తారు.

ప్రశ్న: మేడమ్, మేం యలహంకలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, ఇద్దరం ఉద్యోగస్తులం. మా ల్యాబ్రడార్‌కు రెండేళ్లు. మొదటిసారి విరేచనాలైనప్పుడు ఒక క్లినిక్‌లో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు, రెండు రోజుల్లో తగ్గింది. అప్పటి నుంచి ఎప్పుడు మోషన్ లూజ్ అయినా అదే మాత్ర మెడికల్ షాపులో కొని వేస్తున్నాం. తగ్గుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదలు. మధ్యలో జిగురు కూడా పడుతోంది. డోసు పెంచాలా?

జవాబు: పెంచకండి. ఆపేయండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

తినకూడనిదేదో తిని వచ్చే విరేచనాలు, కుక్క హుషారుగా ఉన్నంత వరకు, మందు వేసినా వేయకపోయినా కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. మాత్ర వేసిన మర్నాడు తగ్గితే పేరు మాత్రకు వస్తుంది. ఆ మాత్ర లోపల చేసిన నష్టం మాత్రం కంటికి కనబడదు. ఏ జబ్బూ లేని కుక్కలకు రెండు వారాలు మెట్రోనిడజోల్ ఇచ్చి చూసిన పరిశోధన ఉంది. మందు ఆపిన నాలుగు వారాలకు కూడా వాటి పేగుల్లో సూక్ష్మజీవులు పూర్తిగా పాత స్థితికి రాలేదు.

ఆ మందుకు బలయ్యేవాటిలో క్లాస్ట్రిడియం హిరానోనిస్ అనే బాక్టీరియా ముఖ్యమైంది. క్లాస్ట్రిడియం అనగానే ధనుర్వాతం గుర్తొచ్చి భయపడతారు. ఇది అలాంటిది కాదు, కుక్కకు మేలు చేసేది. కాలేయం నుంచి పేగులోకి వచ్చే పైత్యరస ఆమ్లాలను ఇది మరో రూపానికి మారుస్తుంది. ఆ మారిన ఆమ్లాలే ఇ.కోలి లాంటివి హద్దు మీరకుండా ఆపుతాయి. ఇది పోతే మారని ఆమ్లాలు పెద్దపేగులో చేరి, అక్కడికి నీరు వచ్చేలా చేసి విరేచనాలు తెస్తాయి. అంటే విరేచనాలకని వేసిన మాత్రే వచ్చే నెల విరేచనాలకు చోటు చేసిపెట్టవచ్చు. అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో కుక్కల కోసం ఒక సూచిక తయారుచేశారు. మలంలో ఏడు రకాల బాక్టీరియాను కొలిచి, పేగుల్లో సమతూకం ఎంత తప్పిందో అంకెల్లో చెబుతారు. అందులో ఈ హిరానోనిస్ లెక్క కూడా ఉంటుంది.

మీరు చేయాల్సింది ఇది. తాజా మలం డబ్బాలో పట్టుకెళ్లి జియార్డియా అనే పేగు పరాన్నజీవి, కొంకిపురుగుల కోసం పరీక్ష చేయించండి. మన ఊళ్లో ఇవి చాలా ఎక్కువ. ఒక్కసారి పరీక్షలో కనబడకపోతే ఇంకో రెండు రోజుల మలం కూడా చూడాలి. అవి లేవని తేలితే తిండి మార్చి చూడండి. ఇప్పటిదాకా తినని ఒకే మాంసకృత్తు, ఒకే పిండిపదార్థం. లేదా డాక్టరు రాసే హైడ్రోలైజ్డ్ (మాంసకృత్తులను ముందే చిన్న ముక్కలుగా విడగొట్టిన) ఆహారం. పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ వారం రోజుల్లో పూర్తిగా మార్చండి. ఆ తర్వాత ఇంకేదీ వేయకూడదు. బిస్కెట్టు, చీజ్ ముక్క, సెక్యూరిటీ గార్డు ప్రేమగా పెట్టే బన్ను, ఏదీ వద్దు. ఈ చివరిదాని దగ్గరే చాలా ఇళ్లలో వైద్యం చెడుతుంది. ఇంట్లో అందరికీ, గేటు దగ్గర వాళ్లకూ చెప్పి పెట్టండి. మాటిమాటికీ విరేచనాలయ్యే కుక్కల్లో సగానికి పైగా తిండి మార్పుతోనే, అదీ రెండు వారాల్లోనే కుదుటపడతాయి. కుదుటపడకపోతే రక్తంలో బి12 విటమిన్ చూపించి, స్కానింగ్ దాకా వెళ్లాలి.

రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, జ్వరమున్నా, కుక్క ముడుచుకుని పడుకున్నా ఈ సలహా వర్తించదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చిన్నపిల్లలైతే గంట కూడా ఆలస్యం చేయకండి.

ప్రశ్న: కుక్కపిల్లలకు పార్వో వస్తే ఇంకో కుక్క మలం ఎక్కిస్తున్నారని చదివాను. నిజమేనా? (ఇంటర్ విద్యార్థిని, మారతహళ్లి)

జవాబు: నిజమే తల్లీ. 1978 ప్రాంతంలో బయటపడి ప్రపంచమంతా పాకిన వైరస్ ఈ పార్వో. పేగు లోపలి పొరను ఊడ్చేస్తుంది. బ్రెజిల్‌లో 66 కుక్కపిల్లల మీద చేసిన పరిశోధన 2018లో వచ్చింది. సగం పిల్లలకు మామూలు చికిత్స, మిగతా సగానికి దాంతో పాటు ఆరోగ్యంగా ఉన్న కుక్క మలాన్ని సెలైన్‌లో కలిపి మలద్వారం గుండా ఎక్కించారు. ఇలా చేసినవాటికి విరేచనాలు త్వరగా కట్టాయి, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గాయి. మరణాలు కూడా తక్కువే గానీ, ఆ తేడా గట్టిగా రుజువైందనడానికి సరిపోయేంత లేదు. సెలైను, వాంతులు ఆపే మందు, వెచ్చదనం, వీటి పక్కన నిలబడే చికిత్స ఇది. వీటి బదులు కాదు. టీకా బదులు అసలే కాదు. ఇంట్లో చేయవద్దు. ఇచ్చే కుక్క మలంలో పురుగులు, రోగక్రిములు లేవని పరీక్ష చేశాకే వాడాలి. నువ్వు పశువైద్యం చదవాలనుకుంటున్నానని కూడా రాశావు. హెబ్బాళ్ పశువైద్య కళాశాల నీకు దగ్గరే, చదువు. ఈ రంగంలో చేయాల్సిన పని చాలా ఉంది.

ప్రశ్న: పెరుగు పెడితే మంచి బాక్టీరియా వస్తుంది కదా? ఆవుకైనా కుక్కకైనా పెట్టవచ్చా?

జవాబు: కుక్కకు పడితే ఒక చెంచా రెండు చెంచాలు పెట్టండి, తప్పులేదు. పెరుగులోని బాక్టీరియా పేగులో పెద్దగా కాపురం పెట్టదు, వచ్చి వెళ్లిపోతుంది. పాలు పడని కుక్కకు పెరుగుతో విరేచనాలు పెరగవచ్చు కూడా. ఆవు విషయం వేరు. పైన హొసకోట జవాబు చదివారుగా, అన్నం తిన్న ఆవు పొట్టలో ప్రాణం తీస్తున్నదే లాక్టిక్ ఆమ్లం, దాన్ని చేస్తున్నది లాక్టోబాసిల్లస్. ఆ స్థితిలో పెరుగు, మజ్జిగ తాపడం పులుపు మీద పులుపు పోయడమే. పాడి ఆవులకు రోజూ దాణాలో కలిపే జీవమున్న ఈస్టు వేరే సంగతి. అది రూమెన్ పీహెచ్‌ను కొంత నిలకడగా ఉంచుతుంది. అయితే గడ్డి తగ్గించి దాణా, బీరు ఫ్యాక్టరీ పిప్పి మీదే ఆవును నడిపేవాళ్లు ఈస్టు వేసి నిశ్చింతగా ఉండలేరు. నమలడానికి పీచు ఉంటేనే ఆవు నోట లాలాజలం ఊరుతుంది. రూమెన్ పులుపును విరిచే సోడా ఆ లాలాజలంలోనే ఉంది.

ప్రశ్న: మా పాప కుందేలుకు తుమ్ములు వస్తున్నాయని, ఇంట్లో మిగిలిన పిల్లల అమోక్సిసిల్లిన్ సిరప్ కొన్ని చుక్కలు మూడు రోజులు పోశాం. నాలుగో రోజు నీళ్ల విరేచనాలై చనిపోయింది. పాప ఇంకా ఏడుస్తోంది. మందు పాతదవడం వల్లనా? (బాణసవాడి)

జవాబు: చదివి చాలా బాధపడ్డాను. మందు పాతదై కాదమ్మా, కొత్త సీసా అయినా ఇంతే జరిగి ఉండేది. మనకు, కుక్కలకు రోజూ వాడే మందు కావడంతో ఇది కుందేలుకు విషమని ఎవరికీ తట్టదు. సీసా మీద రాసి ఉండదు, షాపులో చెప్పరు. ఎవరైనా ముందే చెప్పాల్సిన మాట ఇది.

కుందేలుకు పులియబెట్టే సంచి పొట్టలో కాక వెనకాల, సీకం అనే పెద్ద తిత్తిలో ఉంటుంది. అక్కడ తయారైన మెత్తటి ముద్దలు మలద్వారం నుంచి వస్తుండగానే కుందేలు నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. చాలామంది చూసి అసహ్యపడతారు గానీ, దానికి కావాల్సిన విటమిన్లు, మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి. అమోక్సిసిల్లిన్, ఆంపిసిల్లిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ నోటి ద్వారా ఇస్తే ఆ తిత్తిలోని మంచి బాక్టీరియా చస్తుంది. ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం స్పైరోఫోర్మి పెరిగి విషం వదులుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. గినీ పిగ్గులకు, హామ్‌స్టర్లకు కూడా ఇదే ప్రమాదం. కుందేళ్లకు సరిపడే యాంటీబయాటిక్స్ వేరే ఉన్నాయి, కుందేళ్లను చూసే డాక్టరే రాయాలి. పాపకు చెప్పండి, మీరు దాన్ని బాగుచేయాలనే మందు పోశారని. మళ్లీ కుందేలును తెస్తే తిండిలో ఎక్కువ భాగం ఎండుగడ్డి ఉండాలి. క్యారెట్టు ఎప్పుడో ఒక ముక్క.

ప్రశ్న: తొలకరి పడి గడ్డి మొలవగానే మా మందలో బలంగా, నిగనిగలాడే గొర్రెపిల్లలే రాత్రికి రాత్రి చచ్చిపోతాయి. బక్కవి బతుకుతాయి. దిష్టి అంటున్నారు. (మాలూరు)

జవాబు: దిష్టి కాదు, చిటుకు రోగం. క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ డి రకం మామూలుగానే గొర్రె పేగులో కొద్దిగా ఉంటుంది. బలమైన పిల్ల తల్లిపాలు ఎక్కువ తాగుతుంది, లేతగడ్డి ఎక్కువ మేస్తుంది. అరగకుండా మిగిలిన పిండిపదార్థం చిన్నపేగులోకి జారగానే ఆ క్రిమి విపరీతంగా పెరిగి ఎప్సిలాన్ అనే విషం వదులుతుంది. మెదడు, మూత్రపిండాలు దెబ్బతిని గంటల్లో పోతుంది. వైద్యానికి వ్యవధి ఇవ్వదు. వానలకు ముందే టీకా వేయించండి. మొదటిసారి వేసేవాటికి రెండో డోసు తప్పకుండా పడాలి, ఆ తర్వాత ఏటా ఒకటి. కొత్త గడ్డి మీదకు తోలేముందు కడుపుకు కొంచెం ఎండుమేత పడనివ్వండి.

ప్రశ్న: దేవనహళ్లి దగ్గర తోటలో నాటుకోళ్లు పెంచుతున్నాను. కోడి పొదిగిన పిల్లలు బాగుంటున్నాయి. ఇంక్యుబేటర్‌లో తీసిన పిల్లలకే పారుడు, రెక్కలు వాల్చడం, చావులు. యాంటీబయాటిక్ పొడి మొదటి రోజు నుంచే నీళ్లలో కలపమని ఒకాయన సలహా ఇచ్చాడు. కలపనా?

జవాబు: మీరు గమనించిన తేడా చాలా విలువైనది. తల్లి కింద పుట్టిన పిల్ల మొదటి రోజే తల్లి తిరిగిన నేల పొడుస్తుంది, తల్లి రెట్టలో ముక్కు పెడుతుంది. పెద్దకోడి పేగుల్లోని జీవులు పిల్లకు అలా చేరతాయి. ఇంక్యుబేటర్ పిల్లకు ఆ భాగ్యం లేదు. ఖాళీ పేగులోకి సాల్మొనెల్లా లాంటి ఏ రోగక్రిమి ముందొస్తే దానిదే చోటు.

ఇది ఊహ కాదు. 1971లో ఫిన్లాండ్‌లో బ్రాయిలర్ కోళ్లలో సాల్మొనెల్లా ఇన్ఫాంటిస్ పెద్ద ఎత్తున వ్యాపించింది. అప్పుడు నుర్మి, రంటాలా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పెద్దకోళ్ల పేగుల్లోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు నోట్లో వేసి, తర్వాత సాల్మొనెల్లా ఇచ్చి చూశారు. చాలా పిల్లలకు అది అంటలేదు. మంచి జీవులు చోటు ఆక్రమించేసరికి చెడ్డదానికి నిలిచే వీల్లేకపోయింది. 1973లో వాళ్లు ప్రచురించిన ఈ ఫలితం మీదే తర్వాత కోళ్ల పరిశ్రమలో ఎన్నో ఉత్పత్తులు వచ్చాయి. ఇంత చిన్న ప్రయోగంతో ఇంత పెద్ద సంగతి తేల్చినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

అందుకే మొదటి రోజు నుంచి యాంటీబయాటిక్ పోయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఇంకా చేరని మంచి జీవుల్ని గడప దగ్గరే చంపడం అది. ఆ పొడిలో కోలిస్టిన్ ఉంటే చట్టవిరుద్ధం కూడా. మనుషులకు ఇంకే మందూ పనిచేయనప్పుడు వాడే చివరి మందుల్లో అదొకటి. ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు దాని తయారీ, అమ్మకం మన ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది. సంచి మీద పేరు చదవండి, ఉంటే తిరిగి ఇచ్చేయండి.

అలాగని మీ పెద్దకోళ్ల రెట్ట తెచ్చి పిల్లల మీద చల్లకండి. అందులో కాక్సిడియా అనే పేగు పరాన్నజీవులు, పుల్లోరం రోగం తెచ్చే క్రిములు కూడా ఉండవచ్చు. పరీక్షించి తయారుచేసిన ప్రోబయాటిక్ కల్చర్ దొరుకుతుంది. పుట్టిన రోజే, నీళ్లలో క్లోరిన్ లేకుండా చూసుకుని ఇవ్వండి. పరుపుగా వేసిన వరిపొట్టు తడవనివ్వకండి. తడి పరుపులో కాక్సిడియా పెరుగుతుంది, అది పేగు పొరను గాయపరుస్తుంది, ఆ గాయం మీద క్లాస్ట్రిడియం చేరి పేగును కుళ్లబెడుతుంది. చనిపోయిన పిల్లల్లో ఒకటి రెండు తాజావి హెబ్బాళ్‌కు తీసుకెళ్లి కోయించి చూపించండి. సాల్మొనెల్లానా, కాక్సిడియానా తేలకుండా ఏ మందూ మొదలుపెట్టకండి.

ప్రశ్న: ఆనేకల్ దగ్గర మేకలు పెంచుతున్నాం. చేలగట్ల మీద సుబాబుల్ బాగా పెరిగింది. మేకలు ఇష్టంగా తింటాయి. వెంట్రుకలు రాలతాయని, సూడిమేకలకు మంచిది కాదని కొందరు, ఏమీ కాదని కొందరు. ఎవరి మాట నిజం?

జవాబు: ఇద్దరి మాటా నిజమే, అది మేక పొట్టలో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. సుబాబుల్ ఆకులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది. రూమెన్‌లో అది డీహెచ్‌పీ అనే మరో పదార్థంగా మారి థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. వెంట్రుకలు రాలడం, చొల్లు, గొంతు దగ్గర వాపు, బలహీనమైన పిల్లలు పుట్టడం దీని లక్షణాలు. ఆస్ట్రేలియాలో పశువులు ఇలాగే జబ్బుపడేవి. హవాయి దీవుల్లో మేకలు మాత్రం అదే ఆకు కడుపునిండా తిని హాయిగా ఉండేవి. రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ఈ తేడాను పట్టుకున్నాడు. 1980లలో హవాయి మేకల రూమెన్ జీవుల్ని తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే, అవీ ఆ ఆకును తట్టుకున్నాయి. డీహెచ్‌పీని విరిచేసే ఆ బాక్టీరియాకు 1992లో ఆయన పేరు కలిపి సినర్జిస్టెస్ జోన్సియై అని పెట్టారు. ఒకసారి మందలోకి వచ్చాక ఒక పశువు నుంచి ఇంకోదానికి అదే పాకుతుంది.

సుబాబుల్ తరతరాలుగా తింటున్న మందల్లో ఈ జీవి ఉండే అవకాశం ఎక్కువ. కొత్తగా సంతలో కొన్న మేకలకు ఉండకపోవచ్చు. కాబట్టి కొత్త మేకల్ని పాత మందతో కలిపి, ఒకే తొట్టిలో నీళ్లు తాగనిస్తూ పెంచండి. ఆకు మొదట గుప్పెడుతో మొదలుపెట్టి కొన్ని వారాల్లో పెంచండి, మొత్తం మేతలో మూడో వంతుకు మించనివ్వకండి. మిగతాది వేరే ఆకు, ఎండుమేత. లేత చిగుళ్లలో మిమోసిన్ ఎక్కువ, సూడిమేకలకు అవి తప్పించి ముదురాకు వేయండి. కోసిన కొమ్మలు ఎండలో వాడనిచ్చి వేస్తే విషం కొంత తగ్గుతుంది. తోక మొదట్లో వెంట్రుకలు లాగితే చేతికి ఊడి వస్తుంటే ఆ మేకకు సుబాబుల్ వెంటనే ఆపేసి డాక్టరుకు చూపించండి.